బెల్టు చివర అక్క

ఆ వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. చొక్కాల మీద బొమ్మలు అచ్చువేసే రేకుల షెడ్డులో, డ్రయ్యరు బెల్టు చివర నిలబడి పనిచేసేది కాబట్టి అందరికీ ఆమె బెల్టక్క. టీ కొట్టతను, గుడ్డల టోకు వ్యాపారి, మీటరు చూసుకుపోవడానికి వచ్చే కరెంటు మనిషి, చివరికి ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. ఒక్క తమ్ముడు మాత్రం ఉత్త అక్కా అనేవాడు.

షెడ్డు రోడ్డుకంటే పల్లంలో ఉండేది. లోపలికి దిగగానే రంగుల వాసన, మాడీ మాడని నూలు వాసన కలిసి ముక్కుకు తగిలేవి. ఒక పక్క అచ్చు యంత్రం, నాలుగు చేతులు చాచి నిలబడ్డ మనిషిలా ఉండేది. ఒక్కో చేతికి ఒక స్క్రీను, అంటే బొమ్మ మేరకే రంగు దిగే సన్నని జాలీ చట్రం, ఒక్కో స్క్రీనుకు ఒక రంగు. తమ్ముడు చొక్కాను పలకకు తొడిగి, స్క్రీను దించి, రబ్బరు అంచున్న స్క్వీజీతో రంగును బలంగా లాగేవాడు. రెండో పక్క డ్రయ్యరు. అదొక ఇనుప సొరంగం. దాని లోపలినుంచి వలలాంటి బెల్టు పాకుతూ పోయేది. అచ్చు పడ్డ చొక్కా ఈ నోట్లో దూరి ఆ నోట్లోంచి బయటికి రావాలి. ఆ రెండో నోటి దగ్గర అక్క.

చూసేవాళ్ళకు అదొక పనిలా కనిపించేది కాదు. "బయటికొచ్చిన చొక్కా తీసి మడతపెట్టడం కూడా ఓ పనేనా?" అన్నాడొకసారి గుడ్డల వ్యాపారి, టీ గ్లాసు పట్టుకుని.

"మంత్రసాని కూడా ఊరికే చేతులు చాచుకునే కూర్చుంటుందండీ," అంది అక్క తల ఎత్తకుండా. "మీరు పుట్టినప్పుడు ఆవిడ లేకపోతే తెలిసేది."

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రంగు ఆరే రంగు కాదు, ఉడికే రంగు. మూత తీసి గాలికి పెట్టినా ఏళ్ళ తరబడి జిగురుగానే ఉంటుంది. వేడి తగలాలి, ఆ వేడి బొమ్మ అడుగుదాకా దిగాలి, అప్పుడే గట్టిపడి గుడ్డను పట్టుకుంటుంది. చేత్తో తాకితే అంటుకోనంత మాత్రాన ఉడికినట్టు కాదు. అక్క సెగలు కక్కే మొదటి చొక్కాను అందుకుని, బొమ్మను రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి చూసేది. సన్నని పగుళ్ళు విచ్చాయంటే, "పచ్చిగానే ఉందిరా, బెల్టు మెల్లగా పోనీ," అని కేకేసేది. అంతటితో ఊరుకునేదీ కాదు. ప్రతి ఆర్డరులోనూ ఆ మొదటి చొక్కా ఆమెతో ఇంటికి వెళ్ళేది. వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బు పెట్టి, కసిదీరా బాది, ఆరేసి, మళ్ళీ ఉతికేది. అది నిలిస్తేనే మిగతావి గడప దాటాలి. తండ్రి పెట్టిన పద్ధతి అది.

అలా ఉతికిన చొక్కాలు పారేసేదెవరు? ఇంటిల్లిపాదీ అవే తొడుక్కునేవాళ్ళు. తమ్ముడి భార్య ఎవరిదో సిమెంటు కంపెనీ చొక్కాలో గిన్నెలు తోమేది. పిల్లలు తాము చదవని బళ్ళ పేర్లు గుండెల మీద వేసుకుని ఆడుకునేవాళ్ళు. అక్క ఒంటిమీద ఎప్పుడూ ఏదో ఒక పరుగు పందెం చొక్కా ఉండేది.

"ఎన్ని పందేలు గెలిచావక్కా!" అని తమ్ముడు ఏడిపించేవాడు.

"నేను గెలవలేదురా. గెలిచినవాళ్ళ చొక్కాలు ఉతికాను. వాళ్ళకంటే నాకే ఆయాసం."

నిజానికి ఆమె నర్సు కావాలనుకున్న మనిషి. శిక్షణలో చేరింది కూడా. తండ్రి మంచాన పడ్డప్పుడు తమ్ముడు ఇంకా చదువుకుంటున్నాడు, ఒప్పుకున్న ఆర్డర్లు సగంలో ఉన్నాయి. కొన్నాళ్ళు చూసిపెడతానని షెడ్డులోకి దిగింది. ఆ కొన్నాళ్ళు ఇక తెమల్లేదు. తండ్రి పోయాక ఆడపిల్లకు స్క్వీజీ బరువవుతుందని ఎవరో అంటే, దాన్ని తమ్ముడి చేతికిచ్చి బెల్టు చివరికి వెళ్ళి నిలబడింది. పెళ్ళి మాటలు వచ్చాయి, పోయాయి. అడిగితే నవ్వేది. "ఆ వేడిలో నిలబడి నిలబడి నేనే ఉడికిపోయాను. ఇంకెవరికి అంటుకుంటాను?" అనేది. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. తమ్ముడికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. తన భుజాలు ముదిరేదాకా ఆ షెడ్డును నిలబెట్టింది ఆమేనని అతనికి తెలుసు. తెలిసిన మాటను నోటితో ఎప్పుడూ అనలేదు. ఆ ఇంట్లో ముఖ్యమైన మాటలు నోటితో అనుకునే అలవాటు ఎవరికీ లేదు.

పొదుపులో ఆమెను మించినవాళ్ళు లేరు. అన్నిట్లోకీ ఖర్చయ్యేది తెల్ల రంగు. నల్ల చొక్కా మీద ఏ రంగు వేయాలన్నా ముందు అడుగున తెలుపు పరచాలి, లేకపోతే పైరంగు నలుపులో మునిగిపోతుంది. కంటికి కనపడని ఆ తెలుపే డబ్బాలకు డబ్బాలు తాగేస్తుంది. అందుకని పని అయిపోగానే స్క్రీను మీద మిగిలిన తెలుపును అక్క అట్టముక్కతో గీకి డబ్బాలోకి తోసేది. డబ్బా అడుగును చెంచాతో గీకి కొత్త డబ్బాలో కలిపేది. ఆమె గీకి వదిలిన డబ్బాలో ముఖం చూసుకోవచ్చు.

రంగును గీకి మిగల్చవచ్చు గానీ, కరెంటును గీకి మిగల్చడం ఎలా? డ్రయ్యరుతో వచ్చిన చిక్కే అది. వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. వేడెక్కాక ఒక్క చొక్కా పోయినా, బండెడు పోయినా ఒకటే మేత. తండ్రి కాలంలో సొరంగం ఖాళీగా ఉండేది కాదు కాబట్టి ఆ మేత తెలిసేది కాదు. తర్వాత కరెంటు ధర పెరిగింది. పెద్ద ఆర్డర్లు కంప్యూటరుతో నేరుగా చొక్కా మీద అచ్చుకొట్టే కొత్త షాపులకు వెళ్ళిపోయాయి. వీళ్ళకు చిల్లర పనులు మిగిలాయి. ఏనుగును కట్టేసుకుని దాని మీద ఉత్తరాలు పంచినట్టయింది వ్యవహారం. అక్క చిన్న పనులన్నీ పోగుచేసి ఒకేరోజు డ్రయ్యరు వెలిగించేది. అయినా మీటరు చూడడానికి వచ్చిన మనిషి, "మీ చక్రం తిరగడం చూస్తే నాకే కళ్ళు తిరుగుతున్నాయి బెల్టక్కా," అనకుండా వెళ్ళేవాడు కాదు.

అలాంటి రోజుల్లో మెషిన్ల దళారి వచ్చాడు. తమ్ముడి పిల్లల్ని చూపించడానికి అక్క ఆస్పత్రికి వెళ్ళిన పూట అది. దళారి నోరు తేనె.

"అన్నా, ఇది కొత్త ఇంకు. సగం వేడికే ఉడుకుతుంది. ఇది వాడావంటే ఈ దున్నపోతు నీకక్కర్లేదు. చిన్న డ్రయ్యరు ఇస్తాను, సగం కరెంటు కూడా తినదు. పాతదాన్ని ఇనుము కింద నేనే తీసుకుంటాను."

"చివర అందుకోవడానికి చోటేదీ? గోడకు ఆనించి పెట్టాలంటున్నావు."

"అందుకోవడం దేనికన్నా? చొక్కాలు వాటంతటవే బుట్టలో పడతాయి. నువ్వొక్కడివే అచ్చేసుకుని, నువ్వొక్కడివే తీసుకోవచ్చు. మనిషి ఖర్చు కూడా మిగులుతుంది."

మనిషి ఖర్చు అన్న మాట తమ్ముడికి చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఆ మనిషి జీతం తీసుకోదని దళారికి తెలీదు. అయినా అతను కాదనలేదు. షెడ్డు మూసుకోవడమా, డ్రయ్యరు మార్చుకోవడమా అన్నదాకా వచ్చింది. ఇంకు డబ్బాలు కొన్ని తీసుకున్నాడు. ఒక ఆర్డరు ఈ ఇంకుతో వేసి చూసి, నిలిస్తే కబురు చేస్తానన్నాడు. అంటే, ఆ చొక్కాలు నిలిస్తే బెల్టు చివర అక్కకు చోటుండదు.

ఆ సంగతి అక్కకు ఎలా చెప్పాలో అతనికి తోచలేదు. కొత్త ఇంకు గురించి చెబితే వేడి ఎందుకు తగ్గించావంటుంది. అది చెబితే చిన్న డ్రయ్యరు సంగతి వస్తుంది. దాని వెనకే బుట్ట వస్తుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుందని తీగనే ముట్టుకోలేదు. కొత్త డబ్బాలు కూడా పాత కంపెనీవే, మూత మీద చీటీ రంగు ఒక్కటే తేడా. వాటిని పాత డబ్బాల పక్కనే అరలో పెట్టేశాడు.

ఆర్డరు బస్సు డిపో డ్రైవర్లది. వాళ్ళలో ఒకడు బస్సు నడుపుతుండగా గుండె ఆగి పోయాడు. పోయేముందు బస్సును పక్కకు తీసి ఆపాడు. లోపల కూర్చున్నవాళ్ళెవరికీ గీత కూడా పడలేదు. అతని పేరున ఒక నడక పెట్టుకున్నారు. నల్ల చొక్కాలు, రొమ్ము మీద అతని ముఖం. ఫొటో పట్టుకుని ఒక పెద్ద డ్రైవరు వచ్చాడు.

"ముఖం బాగా రావాలయ్యా. వాడికి ఫొటోలంటే పడదు. ఉన్నది ఇదొక్కటే, ఇందులోనూ తిట్టబోతున్నట్టే ఉన్నాడు."

"తిట్టేవాళ్ళ ముఖాలే బాగా అచ్చవుతాయి," అంది అక్క. పెద్ద డ్రైవరు నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

డ్రయ్యరు వేడి తగ్గించింది తమ్ముడే. బెల్టు చివర అక్క మొదటి చొక్కా అందుకుని ఒక్క క్షణం ఆగింది. ఎప్పటిలా చెయ్యి చుర్రుమనలేదు. తమ్ముడి వైపు చూసింది. అతను స్క్వీజీ తుడుస్తున్నట్టు తల దించుకున్నాడు. బొమ్మను సాగదీసింది. పగల్లేదు. ఇంటికి తీసుకెళ్ళి ఉతికింది. మర్నాడు ఆ చొక్కాను తెచ్చి బల్ల మీద పరిచింది.

"నిలిచిందిరా," అంది. అంతే. వేడి తక్కువైనా ఎలా నిలిచిందని అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ రోజంతా మిగతా చొక్కాలు వేశారు. భోజనాల వేళకే తెలుపు అడుగంటింది. అరలో మరో కొత్త డబ్బా లేదు. సరిపోదేమోనని తమ్ముడికి గుబులు పట్టింది గానీ, తిని వచ్చేసరికి డబ్బాలో కావలసినంత ఉంది. చివరి చొక్కాదాకా సరిపోయింది. సరిపోయిందన్న సంతోషంలో ఎలా సరిపోయిందన్న ఆలోచన అతనికి రాలేదు.

నడక బాగానే జరిగిందట. తర్వాత కొన్నాళ్ళకు పెద్ద డ్రైవరు మళ్ళీ వచ్చాడు. వెనక ఒక ఆడమనిషి ఉంది. చనిపోయినతని భార్య. ఆమె చేతిసంచిలోంచి తడిసి ఆరిన నల్ల చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ముఖం లేదు. ఒక చెవి, నుదుటి అంచు, చొక్కా కాలరు మిగిలాయి. మిగతాదంతా పొట్టు రాలినట్టు రాలిపోయింది.

"కొందరివి బాగానే ఉన్నాయి, కొందరివి ఇలా అయ్యాయి," అన్నాడు పెద్ద డ్రైవరు. తగువాడదామని వచ్చినవాడి గొంతులా లేదది.

ఆమె తమ్ముణ్ణి చూడలేదు. అక్కను చూస్తూ మాట్లాడింది. "నేనే ఉతికానండీ. గట్టిగా కూడా రుద్దలేదు. నీళ్ళలో ముక్కలు తేలుతుంటే ఏంటో అనుకున్నాను. చేత్తో తీసి చూస్తే కన్ను. నా చేత్తోనే ఊడిపోయిందండీ."

అక్క బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మీ చెయ్యి కాదమ్మా. మాది," అంది. "మళ్ళీ వేసిస్తాం. అందరివీ తెచ్చివ్వండి."

వాళ్ళు వెళ్ళాక తమ్ముడు అర దగ్గరికి వెళ్ళాడు. పాత తెలుపు డబ్బా ఒకటి బోర్లించి ఉంది. తిప్పి చూశాడు. లోపల అద్దంలా మెరుస్తోంది. అలా గీకే చెయ్యి ఆ షెడ్డులో ఒక్కటే. పాత తెలుపు పూర్తి వేడికి గానీ ఉడకదు. తక్కువ వేడికి ఉడికే కొత్త తెలుపులో దాన్ని కలిపితే, పైరంగు ఉడికి, అడుగు పచ్చిగా ఉండిపోయింది. పునాది లేని గోడలా మొదటి ఉతుక్కే కూలింది. భోజనాల ముందు వేసినవి నిలిచాయి, తర్వాత వేసినవి రాలాయి.

అప్పుడతని నోట్లోంచి ఆ మాట వచ్చింది. అక్క దగ్గర దాచినదంతా ఆ మాట వెనక ఉంది.

"కావాలనే కలిపావు కదూ? ఈ డ్రయ్యరు పోతుందని తెలిసే కలిపావు."

అక్క ఆ చొక్కాను మడతపెట్టింది, ముఖం ఉండవలసిన చోటు లోపలికి వచ్చేలా. తర్వాత వెళ్ళి డ్రయ్యరు మీట పూర్తి వేడికి తిప్పింది.

మళ్ళీ వేశారు. ఉతకని చొక్కాలను పూర్తి వేడిలో మరోసారి పంపితే గట్టిపడ్డాయి. ఉతికినవాటికి కొత్త చొక్కాలు కొని, పాత ఇంకుతోనే వేశారు. ఆ కొద్దిపాటి పనికి డ్రయ్యరు పొద్దస్తమానం మండుతూనే ఉంది. ఎంత కరెంటు పోతోందన్న ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. మాట లేకుండానే అతను లాగాడు, మాట లేకుండానే ఆమె అందుకుంది. ఈసారి మొదటిది ఒక్కటే కాదు, చేతికి అందినదల్లా సాగదీసి చూసింది. బొటనవేళ్ళు కమిలి పొంగాయి. అతను చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం దేనికని ఊరుకున్నాడు.

చొక్కాలు డిపోకు చేరాయి. మర్నాడు అక్క షెడ్డుకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తమ్ముడు ఇంటి మేడ మీద ఆమె గదికి వెళ్ళాడు. కిటికీ దగ్గర కూర్చుని ఆమె వేళ్ళకు మందు రాసుకుంటోంది.

"కోపం పోలేదా అక్కా? ఏదో నోరు జారాను."

"కోపం కాదురా." మందు డబ్బా మూత పెట్టింది. "నువ్వన్నది నిజమో అబద్ధమో తేల్చుకోలేక రావడం లేదు."

అతనికి అర్థం కాలేదు.

"చెంచాతో గీకి వేస్తున్నప్పుడే తెలిసింది," అంది. "కొత్తది పలచగా ఉంది, వాసన కూడా వేరు. ఇన్నేళ్ళు చూసిన రంగు, నాకు తెలీకుండా ఉంటుందా? ఇది వేరేదని తెలిసింది. కలపొచ్చో లేదో నిన్ను అడగాలనుకున్నాను. షెడ్డు మెట్ల దాకా వచ్చాను కూడా."

"మరి అడగలేదేం?"

"మెషిన్ల దళారి వచ్చి వెళ్ళిన సంగతి వీధిలో విన్నాను. అడిగితే నువ్వు చెప్పాల్సొస్తుంది." కిటికీ బయటికి చూస్తూ అంది. "ఇదేం ఇంకు, వేడెందుకు తగ్గించావు, రేపట్నుంచి చివర ఎవరు నిలబడతారు, అన్నీ చెప్పాల్సొస్తుంది. నీకు చెప్పడం కష్టం. నాకు వినడం కష్టం. ఎప్పుడూ గీకి కలిపేదే కదా అని కలిపేశాను. కావాలని చెయ్యలేదు. కానీ వద్దని చెయ్యి ఆపుకోనూ లేదు. దాన్నేమంటారో నాకు తెలీదు."

తమ్ముడు గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

"ఆవిడ నీళ్ళలోంచి కన్ను తీసిందట్రా," అంది అక్క. "మనిద్దరం ఒక్క మాట అనుకుని ఉంటే ఆవిడకా పని తప్పేది."

ఎవరెంత బతిమాలినా ఆమె మళ్ళీ బెల్టు దగ్గర నిలబడలేదు. ఇంట్లో పిల్లల్ని చూసుకుంది, కూరగాయలు తరిగింది, పొరుగువాళ్ళకు ఇంజెక్షన్లు చేసిపెట్టింది. తమ్ముడు చిన్న డ్రయ్యరు తెచ్చుకుని గోడకు ఆనించాడు. కరెంటు తగ్గింది, షెడ్డు మూతపడలేదు. పెద్దదాన్ని మాత్రం దళారికి ఇవ్వలేదు. వెలిగించనూ లేదు. షెడ్డులో సగం చోటు మింగి అది అలాగే పడి ఉంది.

"దాన్ని అమ్మెయ్యరా, అడ్డం," అనేది అక్క అప్పుడప్పుడు.

"బేరం కుదరడం లేదక్కా," అనేవాడు అతను.

బేరమే పెట్టలేదని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునని అతనికీ తెలుసు. అంత జరిగాక కూడా ఆ ఇంటికి మాట్లాడుకోవడం పట్టుబడలేదు. చాలా ఏళ్ళకు అక్కకు ఊపిరితిత్తుల జబ్బు చేసి, అది ముదిరి మంచాన పడ్డప్పుడు, ఒక మధ్యాహ్నం, అతను తల కింద దిండు సర్దుతుంటే చెయ్యి పట్టుకుని అడిగింది.

"నిజం చెప్పు. ఎందుకమ్మలేదు?"

ఈసారి అతను చెప్పాడు. నువ్వు మళ్ళీ వస్తావని ఉంచానన్నాడు. చదువు మానుకుని నువ్వు నిలబడ్డ చోటును ఇనుము లెక్కన తూచి ఇవ్వడానికి చేతులు రాలేదన్నాడు. ఆ రోజు నిన్నన్న మాట నాలోనే కుళ్ళుతోందన్నాడు. ఎన్నో ఏళ్ళ మాటలు ఒక్కసారే వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అక్క కళ్ళు మూసుకుని వింది. ఎంత విన్నదో, ఎంత దగ్గు మింగేసిందో అతనికి తెలియలేదు.

"చెప్పడం వచ్చిందే నీకు," అంది చివరికి, సన్నగా.

ఆ వారంలోనే పోయింది.